నలభై ఒకటో బల్ల

కెచికన్ దాటాక కూడా వాన తగ్గలేదు.
నేను పుట్టగొడుగుల సూపు వడ్డిస్తున్నాను.
"మీరెంత పెట్టి కొన్నారేంటి?" అన్నాడు కాల్క్‌బ్రెన్నర్,
రొట్టెకు వెన్న రాసుకుంటూ, ఊరికే,
రేపు ఎండొస్తుందా అని అడిగినట్టు.

ఆ మాట బల్ల మీద పడిందో లేదో
చెంచాలన్నీ ఆగాయి.

ఆయనా భార్యా ఏడాదిన్నర ముందే కొన్నారు,
మనిషికి పద్దెనిమిది వందల డాలర్లు.
ఎదురుగా కొత్త జంట, టోబిన్, మరీసా,
ఓడ కదలడానికి తొమ్మిది రోజుల ముందు కొన్నారట.
తొమ్మిది వందల నలభై.
అదే అంతస్తు. అదే కొలత కిటికీ.
ఈ గదిలో దగ్గితే ఆ గదిలో నిద్ర లేస్తారు.

మూడో జంట నోరు విప్పలేదు.
అంటే అందరికన్నా ఎక్కువిచ్చారన్నమాట.

నన్నడిగితే చెప్పేవాణ్ణి. వడ్డించేవాణ్ణి ఎవరడుగుతారు?
మా అమ్మ ఇలోయిలో రేవులో చేపలమ్మేది.
తెల్లవారుజామున బుట్ట దించగానే ఒక ధర.
ఐసు కరిగి గోనె కిందనుంచి నీళ్లు కారుతుంటే ఇంకో ధర.
పొద్దుగూకే వేళకి, "నీకు తోచినంత ఇవ్వు తల్లీ."
చేప అదే. కళ్లే కాస్త మసకబారాయి.

ఖాళీ గదీ అంతే.
రేవులో తాడు విప్పిన మరుక్షణం అది కుళ్లిన చేప.
పోనీ, చేపనైతే ఉప్పేసి ఎండబెట్టుకోవచ్చు.
గదిని ఏ ఎండలో ఆరబెడతారు?

అలాగని ఆగినవాడిదే ఎప్పుడూ గెలుపు కాదు.
ఊరి పండగ ముందురోజు
పొద్దెక్కేకొద్దీ అమ్మ ధర పెంచేది,
చీకట్లో వచ్చి కొన్నవాళ్లే ఆ రోజు తెలివైనవాళ్లు.
ఇది బడి సెలవుల నెలై ఉంటే
ఈ బల్లకి కాల్క్‌బ్రెన్నరే రాజు.

జూలైలో నేను ఈ ఓడ అక్కలో పనిచేశాను.
ఒకే కార్ఖానాలో పుట్టిన కవలలు,
అవే తివాచీలు, మెట్ల మలుపులో అదే ఇత్తడి తిమింగలం.
గది ధర మాత్రం ఇక్కడికి రెండింతలు.
అప్పుడు రాత్రి పదింటిదాకా వెలుగు,
కారిడార్ల నిండా పిల్లల పరుగులు.
పైగా మంచుకొండ ముందు మూడు గంటలు నిలబడే అనుమతి
దానికుంది, దీనికి లేదు.
ఇది దూరం నుంచే దణ్ణం పెట్టి మళ్లిపోతుంది.

నా జీతం రెండు ఓడల్లోనూ ఒకటే.
దానికి జూలై తెలీదు, సెప్టెంబరు తెలీదు.

అప్పుడు బల్ల చివర్నుంచి ఆర్డెల్ నవ్వింది.
స్పోకేన్‌లో నలభై ఏళ్లు పియానోలు శ్రుతి చేసిన మనిషి,
చెవి పెద్దావిడదే, నవ్వు చిన్నపిల్లది.
"మీ లెక్కలన్నీ దండగ.
ఒక్కదాన్నే వచ్చి ఇద్దరి డబ్బు కట్టాను.
వాళ్లు తలలు లెక్కపెట్టరు, మంచాలు లెక్కపెడతారు."

పక్క కుర్చీ మీద ఆమె వానకోటు
చేతులు వేలాడేసుకుని కూర్చుని ఉంది, నీళ్లు కారుతూ.
"ఎర్మెలో, ఇదీ డబ్బు కట్టిన ప్రయాణికురాలే.
దీనికీ ఒక సూపు పట్రా."

తెచ్చాను. కోటు ముందు పెట్టి, ఒళ్లో వేసుకునే గుడ్డ కూడా పరిచాను.
కాల్క్‌బ్రెన్నర్ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు.
కాసేపయ్యాక ఆర్డెల్ ఆ గిన్నె తనవైపు జరుపుకుంది.

భోజనాలయ్యాక మూడో జంటలో మగాయన
మెట్ల దగ్గర నన్ను ఆపాడు, గొంతు తగ్గించి,
"వచ్చే ఏడు ఎప్పుడు కొంటే మంచిది?"
"చేప కళ్లు చూసి కొనండి సార్" అన్నాను.
అర్థం కాలేదు. అయినా అయిదు డాలర్లు చేతిలో పెట్టాడు.

వంటశాలలో గిన్నెలు లెక్కపెట్టేవాడు తలెత్తాడు.
"నలభై ఒకటికి ఏడుగురే కదా, ఎనిమిదోది ఎవరిది?"

కోటుది, అన్నాను.